క్యాంప్ వన్ ఆవులకు మేనమామ

రెండేళ్ళ కిందట, జులై మొదటి సోమవారం, నన్ను భిలాయి క్యాంప్ వన్‌లో పశువులకు చెవి ట్యాగులు వేసే పనికి పంపారు. అప్పట్లో నేను పశువైద్య కేంద్రంలో కాంట్రాక్టు మీద ఫీల్డు సహాయకురాలిని. ర్యాంకు చెప్పాలంటే పైన డాక్టరుగారు, ఆయన కింద సహాయ క్షేత్రాధికారి సాహూ గారు, ఆయన కింద నేను, నా కింద పశువులు. ఆ వాడ నాకు దక్కింది జువాలజీ డిగ్రీ వల్ల కాదు, తెలుగు వల్ల. అక్కడ ఆవులు, గేదెలు పెంచేవాళ్ళలో చాలామంది ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. మా నాన్నదీ ఆ వైపే. ఆయనకు ప్లాంటు క్వార్టరు దొరకడంతో నేను సెక్టర్ సెవెన్‌లో పెరిగాను.

ట్యాగు అంటే పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ, రెండు ముక్కలుగా వస్తుంది. ఒకదానికి మొన, రెండోదానికి ఆ మొన దిగే రంధ్రం. వాటిని పటకారులాంటి అప్లికేటరులో బిగించి, చెవి మధ్యలో రెండు నరాల నడుమ చోటు చూసి, స్పిరిట్‌తో తుడిచి, ఒకే ఒక్క నొక్కు నొక్కాలి. రెండోసారి నొక్కవలసి వస్తే పశువు మనల్ని గుర్తుపెట్టుకుంటుంది. బిళ్ళ మీద పన్నెండు అంకెల నంబరు ఉంటుంది. దాన్ని ఫోనులో స్కాన్ చేసి, యజమాని పేరు, మొబైల్ నంబరు, పశువు వయసు, ఎన్ని ఈతలు, చూలుదా కాదా అన్నవి యాప్‌లో నింపాలి. గాలికుంటు టీకా ఆ నంబరు మీదే ఎక్కుతుంది. ట్యాగు లేనిదానికి టీకా లేదన్నది మాకిచ్చిన నియమం.

అప్పుడు నాకు ఐదో నెల. ఆవు పొడుస్తుందేమో, తంతుందేమో, పశువుల నుంచి ఏ జబ్బు అంటుకుంటుందోనని ప్రతి రాత్రీ ఫోనులో చదివి, చదివినదానికల్లా పగలు భయపడేదాన్ని. చేతులకు రెండు జతల గ్లౌజులు వేసుకునేదాన్ని. అలా వేసుకుంటే బిళ్ళ వేళ్ళకు చిక్కదు, పేడలో పడుతుంది. నా భయాలు ఇప్పటికీ తగ్గలేదు. పాప నిద్రపోయాక ఇది రాస్తూ, పేరా పేరాకీ లేచి వెళ్ళి దాని ఊపిరి చూసి వస్తున్నాను.

క్యాంప్ వన్‌లో నాకు కేటాయించిన సందు మొదట్లో అప్పలనర్సమ్మ ఇల్లు. అరవై దాటిన మనిషి. ఇల్లు గడిచేది ఒక్క ఆవు పాల మీద. ఆ ఆవు పేరు చుక్క. పొద్దున పాలు పిండి వదిలేస్తే, రైలు కట్ట కింద నుంచి సెక్టర్ల వైపు దాటి, పార్కుల్లోనూ రోడ్ల పక్కనా, ఎవరైనా గేటు మూయడం మరిచిపోతే వాళ్ళ పెరట్లోనూ మేసి, ఐదింటికి తనంతట తాను ఇంటికి వచ్చేది. ఆ సందులో పశువులన్నిటి దినచర్యా అదే.

మొదటి రోజు నేను వెళ్ళేసరికి అప్పలనర్సమ్మ పాలు పిండుతోంది. ఈ ఆవు ఎవరిదని అడిగాను.

"ఏటో అమ్మా, ఎవుల్దో. నీల్లు తాగడానికొస్తాది."

చెంబు ఆమె మోకాళ్ళ మధ్యే ఉంది. ఎవరిదో తెలియని ఆవుకు పాలు పిండుతున్నావా మామ్మా అన్నాను.

"పొదుగు బరువెక్కి ఏడుస్తంటే జాలేసిందే," అంటూ చెంబు నింపేసింది.

మర్నాడు ఆవు తనదేనని ఒప్పుకుంది గాని, బిళ్ళలో చిప్పు ఉందని పట్టుబట్టింది. పక్కింటి పార్వతి కూడా వచ్చి కూర్చుంది. ఆవు ఎక్కడ పేడ వేసిందో దిల్లీలో తెలుస్తుందట. చిప్పు లేదని నిరూపించడానికి నేను ఒక బిళ్ళను బ్లేడుతో కోసి చూపించాను. ప్రతి బిళ్ళకూ లెక్క ఉంటుంది కాబట్టి దానికి తరువాత సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. పార్వతి ఆ ముక్కలను తిప్పి తిప్పి చూసి, "సిప్పు లేకపోతే మరీ అన్నేయం. ఆవు తప్పిపోతే ఎతికి పెట్టదన్నమాట. మరేటికి ఇది?" అంది.

అసలు సంగతి అప్పలనర్సమ్మ అప్పుడు చెప్పింది. "సిప్పు మాట ఒగ్గీయే గుంటా. సెక్టర్లో పశువుల బండోల్లు పట్టుకుంటే ఇన్నాల్లూ అది ఎవుల్దీ కాదు. నంబరేసేవనుకో, అది అప్పలనర్సమ్మ ఆవు. ఒగపాలి జరిమానా అంతారు, రెండోపాలి అంతారు, మూడోపాలి కట్టీసుకోమంతారు. కట్టీసి నానేటి పెట్టేది? గడ్డి కొని పాలమ్మితే, నా పాలు నానే కొనుక్కున్నట్టు. అమ్మీడమే."

ఆ మాటలో అతిశయోక్తి లేదు. ఆవును వదలకపోతే ఆమె దాన్ని నిలుపుకోలేదు. నేను మాత్రం, ఇది టీకా కోసమే మామ్మా, పట్టుకోవడానికి కాదు అని ఎంతో నమ్మకంగా చెప్పాను. శిక్షణలో మాకు చెప్పింది అదే. ఆ రికార్డును ఇంకెవరు చూస్తారన్నది మాకు చెప్పలేదు, నేను అడగనూ లేదు.

నాలుగో రోజుకు ఆమె మెత్తబడ్డట్టు కనిపించింది. నేను బిళ్ళ బిగిస్తుంటే నా వైపు పరీక్షగా చూసి, ఎన్నో నెల అని అడిగింది. ఐదు అన్నాను.

"దీనికీ ఐదే. సూలాలు సూలుగొడ్డుకి సెవి కుట్టకూడదు తల్లీ. మీ ఇద్దరికీ పురుల్లయిపోయినాక రా."

ఇలాంటి నియమం నేను ఎక్కడా వినలేదు. వినలేదు కాబట్టి మరింత భయం వేసింది. అప్లికేటరు సంచిలో పెట్టేశాను. సాయంత్రానికి ఆ సందులో పశువులన్నీ చూలుతో ఉన్నట్టు తేలింది. వాటిలో పార్వతి వాళ్ళ కోడెదూడ కూడా ఉంది.

ట్యాగు వేయలేకపోతే యాప్‌లో కారణం చూపాలి. అక్కడ ఇచ్చినవి మూడే: పశువు లేదు, యజమాని లేరు, పశువు లొంగలేదు. చివర 'ఇతరములు' అని ఒక గడి. అందులో 'ఇద్దరూ గర్భంతో ఉన్నారు' అని రాశాను. సాహూ గారు ఫోను చేశారు. ఇద్దరంటే ఎవరెవరని హిందీలో మర్యాదగా అడిగారు. నేనూ, ఆవూ సార్ అన్నాను. ఉద్యోగుల గర్భం రాయడానికి అందులో గడి లేదని, రేపు తానే వస్తానని చెప్పి పెట్టేశారు.

సాహూ గారు ఛత్తీస్‌గఢీ, దుర్గ్ అవతల ఒక పల్లె ఆయనది. యాభై దాటినవారు, జేబులో రెండు పెన్నులు, తక్కువ మాట. మర్నాడు మోటారు సైకిలు దిగుతూనే, ట్యాగు తానే వేస్తానని, తాను చూలాలిని కానని అప్పలనర్సమ్మకు చెప్పారు. సందంతా నవ్వింది. అప్పలనర్సమ్మ తొణకలేదు. మా తెలుగువాళ్ళలో చెవులు కుట్టేది మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి అని, ఈ ఆవుకు మేనమామ ఏడని తన క్యాంపు హిందీలో అడిగింది. దానితో సంగతి ముగుస్తుందని ఆమె లెక్క.

సాహూ గారు ఆవును ఎక్కడ కొన్నావని అడిగారు. ఆమె చెప్పింది. అది ఆయన పల్లెకు పక్క పల్లె. అయితే దీని పుట్టిల్లు మా వైపే, మామను నేనే అన్నారాయన.

"ఓలమ్మ! మన లెక్కలో మేనమామంటే పెల్లాడ్డానికీ అక్కున్నోడు," అంది పార్వతి. "ముందే సెప్పీయండే ఆయనకి!"

ఆ నవ్వు ఇంకా ఆగకముందే సాహూ గారు వంగి, చుక్క ముందు కాలి గిట్టను తాకి కళ్ళకు అద్దుకున్నారు. ఛత్తీస్‌గఢీల్లో అది ఆచారం. మేనల్లుడైనా మేనకోడలైనా, ఎంత చిన్నవాళ్ళయినా, వాళ్ళ కాళ్ళకు మొక్కవలసింది మామే. ఆ తరువాత ఒక్క నొక్కుతో బిళ్ళ వేశారు. చుక్క చెవి విదిలించి, ఆయన జేబులో పెన్నుల వాసన చూసింది. ఎవరో పసుపు తెచ్చారు, ఎవరో బెల్లం పంచారు. మేనమామ దొరికాక ఇక ఏ ఆవుకూ అభ్యంతరం లేకపోయింది. మధ్యాహ్నానికి సందంతా పూర్తయింది, కోడెదూడతో సహా.

ఒక్క చిక్కు మిగిలింది. యాప్ యజమాని మొబైల్ నంబరు అడుగుతుంది. దానికి వచ్చే కోడు కొడితేగాని నమోదు ముందుకు కదలదు. అప్పలనర్సమ్మ తనకు ఫోనే లేదంది. మిగతావాళ్ళ ఫోన్లు కొడుకుల దగ్గర, కొడుకులు డ్యూటీలో. ఇలాంటప్పుడు ఫీల్డువాళ్ళం మా నంబరే కొట్టి, తరువాత మార్చుకుందామనుకోవడం మాలో వాడుక. తరువాత అనేది సాధారణంగా రాదు. సాహూ గారు తన నంబరు కొట్టమన్నారు.

"మేనమామ నంబరు మన నంబరు కాదేటి," అంది అప్పలనర్సమ్మ. సందు మొత్తానికీ యజమానుల పేర్లు ఎవరివి వాళ్ళవే. ఫోను మాత్రం అందరికీ ఒకటే. పని అయిందన్న సంతోషంలో నేను కొట్టేశాను.

నెల తిరగకుండానే, ఒక ఉదయం డాక్టరుగారి ముందు సమీక్ష జరుగుతుండగా సాహూ గారి ఫోను వరసగా ఐదుసార్లు మోగింది. సెక్టర్ సెవెన్ పార్కులో చుక్కనూ మరో నాలుగింటినీ పశువుల బండివాళ్ళు పట్టుకున్నారు. చెవి బిళ్ళలు స్కాన్ చేసి, ఒక్కో ఆవుకూ విడివిడిగా, పద్ధతి ప్రకారం యజమానికి ఫోను చేశారు. ప్రతిసారీ ఆయనే ఎత్తారు. అవతలి మనిషి మూడోసారికి గొంతు గుర్తుపట్టి నమస్కారం కూడా పెట్టాడట.

సాహూ గారు నన్ను వెంటబెట్టుకుని బందెలదొడ్డికి బయలుదేరారు. దాన్ని అక్కడివాళ్ళు కాంజీ హౌస్ అంటారు. నేను దారిలోనే పార్వతి కొడుక్కి కబురు చేశాను. దొడ్డి గుమాస్తా, పేర్లు వేరువేరు, ఫోను ఒకటే, ఐదూ మీవేనా అని అడిగాడు. మేనకోడళ్ళు అన్నారు సాహూ గారు. గుమాస్తా కలం ఎత్తి, బంధుత్వం వద్దు, యజమాని ఎవరో కావాలన్నాడు. జరిమానా కట్టి, ఇకపై వదలమని హామీపత్రం రాయాలి. నంబరు తనది కాదని ఆయన అందామంటే ఫోను ఆయన జేబులోనే మోగింది. తనదేనంటే రికార్డు తప్పు, ఆ నమోదు సరేనని పెట్టిన సంతకం కూడా ఆయనదే.

ఈలోగా అప్పలనర్సమ్మ, పార్వతి వచ్చారు. అప్పలనర్సమ్మ ముఖం వెలిగిపోతోంది. జరిమానా కబురు తనకు రాలేదు, ఆవుకు నంబరు ఉన్నా మళ్ళీ ఎవరిదీ కాకుండా పోయింది. "పిల్ల తప్పు సేత్తే కబురు మేనమామకే ఎల్లాల, మేనమామే దిద్దాల," అని గుమాస్తాకు వినిపించేలా అంది. అతనికి తెలుగు రాకపోయినా నవ్వాడు.

సాహూ గారు నవ్వలేదు. కాగితం అడిగి తీసుకుని, ఈ పశువుల రికార్డులో ఉన్న నంబరు తనదని, తప్పుగా నమోదు చేయించింది తానేనని రాసి సంతకం పెట్టారు. అది డాక్టరుగారి బల్ల మీదికి వెళుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. జరిమానా తన జేబులోంచి కట్టారు. తరువాత లోపలికి వెళ్ళి చుక్కను చూశారు. బండిలో ఎక్కించేటప్పుడు గీరుకుని గిట్ట పైన తోలు లేచింది. కడిగి, మందు రాసి, లేచే ముందు అదే గిట్టను తాకి కళ్ళకు అద్దుకున్నారు. ఆయన వెనక మేమున్నామని చూసుకోలేదు.

"ఏటే ఈయన, నిజింగానే మొక్కేత్తన్నాడు," అంది అప్పలనర్సమ్మ పార్వతితో, గొంతు తగ్గించి.

"మనం ఆడిన నాటకానికి ఈయన ఏసం కట్టీసేడు పిన్నీ. సిగ్గుగా ఉంది," అంది పార్వతి.

అప్పలనర్సమ్మ నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఫోను తీసింది. నా ఫోను కన్నా పెద్దది. "రాయే గుంటా నా నంబరు," అంది. కోడు వస్తే కళ్ళద్దాలు లేకుండా తనే పైకి చదివింది. హామీపత్రం మీద వేలిముద్ర వేయమని గుమాస్తా ఇంకు డబ్బా జరిపితే, పక్కకు నెట్టి తెలుగులో సంతకం చేసింది.

వేలిముద్ర వేసినంత తేలిక కాదు ఆ సంతకం. ఆవును కట్టేస్తే ఏం పెట్టాలన్న ప్రశ్న అలాగే ఉంది. వానాకాలం కాబట్టి సెక్టర్ క్వార్టర్ల పెరళ్ళలో మోకాలెత్తు గడ్డి ఉంటుందని, పాముల భయానికి కోయించుకోవడానికి మనిషి దొరక్క తిప్పలు పడతారని నాకు తెలుసు. మా అమ్మ ఇంటి పెరడే అలా ఉంది. నేను అమ్మకు చెప్పాను, అమ్మ ఆ వరసలోవాళ్ళకు చెప్పింది. కొడవళ్ళతో అప్పలనర్సమ్మ, పార్వతి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆవు ఇంటి దగ్గరే నిలిచింది. అప్పలనర్సమ్మకు నడుమునొప్పి ఎక్కువైంది. ఎండాకాలానికి ఏం చేస్తావని అడిగితే, "ఎండలొచ్చినాక ఏడుద్దారి, ఇప్పుడు తడిగడ్డి మోపు ఎత్తు," అని నా కడుపు చూసి, నాలుక కరుచుకుని, పార్వతిని పిలిచింది. అమ్మ చెప్పినదాన్ని బట్టి గడ్డితోబాటు అమ్మ పెంచుకున్న గులాబీ మొక్క కూడా మోపులో వెళ్ళిపోయింది.

సాహూ గారికి మెమో వచ్చింది. ఆయన ఒక్క వాక్యంలో జవాబిచ్చారు, 'తప్పు నాది, సవరించాను' అని. సవరించడానికి ఇద్దరం సందులో ఇల్లిల్లూ మళ్ళీ తిరిగి అసలు నంబర్లు రాసుకున్నాం, పట్టుబడ్డ మిగతా నాలుగు ఆవులవాళ్ళ చేత హామీపత్రాలూ రాయించాం. కొడుకుల దగ్గరున్నాయన్న ఫోన్లన్నీ ఇళ్ళలోనే ఉన్నాయి.

ప్రసవం దగ్గరపడి ఉద్యోగం మానేసేలోగా ఇంకో మూడు సందులు చేశాను. అప్పలనర్సమ్మ భయపడ్డది నిజమైంది, నేను ఇచ్చిన ధైర్యం అబద్ధమైంది. అందుకని మాట మార్చుకున్నాను. ఈ నంబరు మీద టీకా వస్తుంది, ఆవు సెక్టర్లో దొరికితే ఇదే నంబరు మీద మీకు ఫోనూ వస్తుంది, రెండూ నిజమే అని ముందే చెప్పేదాన్ని. మూడు ఇళ్ళవాళ్ళు వద్దని తలుపు వేసుకున్నారు. మిగిలినవాళ్ళు ఒక రోజు ఆలోచించుకుని, చెవి తామే పట్టుకుని నిలబడ్డారు. పని ఇదివరకటికన్నా నెమ్మదిగా సాగింది. రాసిన నంబర్లలో ఒక్కటి కూడా మళ్ళీ మార్చవలసి రాలేదు.