ఖాజా తేవాల్సిన బంతి

మనవడు కొత్త క్రికెట్ బంతి నా చేతిలో పెట్టాడు. నాకేమీ అనిపించలేదు.

మా ఈడువాళ్లారా, మన సూర్యాపేటలో తాటిమట్ట బ్యాటు, గుడ్డపేలికల బంతి గుర్తున్నాయా? ఔటైనవాడే మర్నాటికి కొత్త బంతి చుట్టి తేవాలి.

మా యాదగిరన్న ఫాస్ట్ బౌలర్. బ్యాటింగూ బౌలింగూ రెండూ వచ్చిన ఖాజాకూ అన్నకూ ఎప్పుడూ పోటీయే. ఆ సాయంత్రం ఎట్టకేలకు అన్న ఖాజా వికెట్టు పడగొట్టాడు. తెల్లారేసరికి, నలభై ఎనిమిదిలో సైన్యం దిగిన పోలీసు యాక్షన్ భయంతో ఖాజావాళ్లు ఇంటికి తాళంపెట్టి ఊరొదిలారు.

"నేను చుట్టనా అన్నా?" అని అడిగాను.

"వద్దు చెల్లె. ఔటయింది వాడు. వాడే తేవాలె," అన్నాడు.

అన్న మళ్లీ ఆడలేదు. ముసలితనంలోనూ మనవలు ఆటకు పిలిస్తే ఒకటే మాట: "బంతి ఇంకా రాలె బిడ్డా."