రిజిస్టర్‌లో పాప చెయ్యి

పంచాయతీ కార్యదర్శిగా చేరి పన్నెండు రోజులే అయింది. జడ్చర్ల దగ్గరి ఊళ్లో నా మొదటి గ్రామసభ. మా పది నెలల పాపను చూసుకోవాల్సిన అత్తమ్మకు ఆ పొద్దున్నే జ్వరం ముంచుకొచ్చింది. మావారు అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయారు. ఇక చేసేది లేక పాపను చంకనేసుకుని బస్సెక్కాను.

సభకు మండల అధికారి వచ్చారు. తీర్మానాలు చదవాల్సింది నేనే. ముందు వరుసలోని ఒక అవ్వ, "ఇటియ్యి బిడ్డా, నేనెత్తుకుంట" అని పాపను ఒళ్లోకి తీసుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

చదవడం అయ్యాక రిజిస్టర్ అందరి దగ్గరికీ తిరిగింది. వేలిముద్ర వేయడానికి అవ్వ వంగగానే పాప ఇంకు ప్యాడును చరిచి, అదే చేత్తో పేజీ మీద ఫట్టుమని కొట్టింది. అందరి వేలిముద్రల నడుమ ఊదారంగు అరచెయ్యి!

"ఇది ఎవరిదమ్మా?" అన్నారు అధికారి. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

అవ్వే అందుకుంది. "మా సెక్రటరమ్మ బిడ్డది సారూ. తల్లి మా ఊరి పనికే వచ్చె. ఇంట్ల ఎత్తుకునేటోళ్లు లేకుంటె బిడ్డను యాడ ఇడ్సిపెట్టి వస్తది?"

ఆయన ఆ ముద్ర చుట్టూ గీత గీసి, పక్కన చిన్న సంతకం పెట్టి పేజీ తిప్పారు.

తర్వాతి సభ నాటికి అత్తమ్మ కోలుకుంది. నేనొక్కదాన్నే వెళ్లాను. పంచాయతీ ఆఫీసు వరండా దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టి, దాని పక్కనే కూర్చుని ఉంది అవ్వ.

"బిడ్డేది?" అంది.

మొదటిసారి పాపను తెచ్చినందుకు సిగ్గుపడ్డాను. రెండోసారి, తేనందుకు.