బాబాయ్ ఎడమ కాలు

గత మంగళవారం బాపట్లలో క్లాసు చెప్పి బయటికొచ్చేసరికి ఫోనులో ఐదు మిస్డ్ కాల్స్, అన్నీ రేపల్లె నుంచే. బాబాయ్ పోయారు. పొద్దున కాఫీ తాగి, పేపరు చూస్తూ కుర్చీలోనే వాలిపోయారట.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. తెనాలిలో నేను పీహెచ్‌డీ చేసిన ఫార్మసీ కాలేజీలో జంతువుల గది చూసుకునేవారు. లెక్చరర్ల దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ బాబాయే. రోజూ రేపల్లె ప్యాసింజర్లో వచ్చి, ఎలుకలకు నీళ్ళు పెట్టి, పంజరాల్లో ఊక మార్చి, ఆ తర్వాతే తన టిఫిన్ డబ్బా విప్పేవారు.

నా పని ఇదీ. ఎన్నాళ్ళకీ తగ్గని కీళ్ళ నొప్పి ఉన్న ఎలుకలకు మోకాలి కింద వెంట్రుకంత సన్నని సూదులు గుచ్చి, వాటికి తీగలు తగిలించి, కొంచెం కరెంటు పంపాలి. నొప్పి తగ్గిందో లేదో ఎలుక నోటితో చెప్పదు కదా. అందుకని దాన్ని గాజు పెట్టెలో నిలబెట్టి, రెండు వెనక కాళ్ళ కిందా ఉన్న చిన్న కాటాలు చూసేదాన్ని. నొప్పి ఉన్న కాలి మీద అది బరువు మోపదు. సూది పనిచేస్తే మెల్లగా మోపుతుంది.

మొదటి నెలంతా నా అంకెలు అడ్డదిడ్డంగా వచ్చాయి. ఒకరోజు విసుగొచ్చి నోట్సు పుస్తకం గిరాటేశాను. బాబాయ్ దాన్ని తీసి, దుమ్ము దులిపి ఇచ్చారు.

"నీ చేతులు ఐసుగడ్డల్లా ఉన్నాయమ్మా. ఎలక బెదిరిపోద్ది. బెదిరిన ఎలక నిజం చెప్పదు."

తన అరచేతులు రుద్దుకుని, ఎలుకని పొట్టకి ఆనించుకుని, పొట్టి స్టూలు మీద అరగంట కదలకుండా కూర్చున్నారు. అది సర్దుకున్నాకే సూది. ఆనాటి నుంచీ ప్రతి ఎలుకకీ అంతే. నా అంకెలు దారిలో పడ్డాయి. ఆ థీసిస్‌లో సగం ఆయన అరచేతులదే, పైన పేరు మాత్రం నాది.

ప్రయోగం ముగిసి ఎలుకల్ని చంపాల్సిన రోజున పంజరం మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవారు, చర్చిలో చేసినట్టే, తొందర లేకుండా. "మన కోసం నొప్పి భరించాయి కదమ్మా" అనేవారు.

ఒకసారి సూదులు తీశాక ఒక ఎలుక వాపు కాలు ఆనించి నాలుగడుగులు వేసింది. బాబాయ్ దాన్నే చూస్తూ, "అమ్మా, నాక్కూడా ఓసారి పెట్టకూడదా?" అన్నారు.

నాకు నోరెక్కువ. "ఎలకలకి పెట్టడానికే నాకు పర్మిషన్ బాబాయ్. మీకు తోకుందా ఏంటి?" అన్నాను.

"ఎలకలకున్న యోగం మనకి లేదన్నమాట" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

సూది పెట్టననడం తప్పు కాదు. ఇవాళ అడిగినా పెట్టను. కానీ, 'ఎక్కడ నొప్పి బాబాయ్?' అని అడగడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఎలుకల నొప్పిని రోజూ కాటా మీద చూసిన నేను ఆ ఒక్క మాట అడగలేదు.

కబురు తెలిసి రేపల్లె వెళ్ళినప్పుడు ఆయన భార్య, నేను పిన్ని అని పిలిచే మనిషి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"స్టేషన్ నుంచి ఇంటికొచ్చేలోపు మూడు చోట్ల కూర్చునేవారమ్మా. ఎడం మోకాలు. ఎన్నేళ్ళ నుంచో. నీకు చెబుదామంటే వద్దనేవారు. ఆ పిల్ల చదువు మానేసి నా కాలు పట్టుకుని కూర్చుంటది అని."

నా గురించి అంత మంచిగా అనుకున్నారు ఆయన. సిగ్గుతో పిన్ని మొహం చూడలేకపోయాను.

థీసిస్ ఇచ్చిన రోజు జంతువుల గది ముందు తీసుకున్న ఫోటో నా బల్ల మీదే ఉంటుంది. ఎన్నిసార్లు చూశానో, ఎప్పుడూ మొహాలే చూశాను. రేపల్లె నుంచి వచ్చాక కాళ్ళు చూశాను. అందరం నిటారుగా నిలబడ్డాం. చివర్న బాబాయ్ తలుపుకి చెయ్యి ఆనించి నవ్వుతున్నారు. ఎడమ మడమ నేలకి తగల్లేదు. బొటనవేలు మాత్రమే ఆనింది.