మూడో పిలుపు

మా ఊరి మునసబు కోర్టులో ఇరవై ఏళ్లు బిళ్ల బంట్రోతుగా చేశాను. దెయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే, "సాక్షి ఎవుడురా?" అని అడిగేవాణ్ణి. ఇప్పటికీ అంతే. అందుకే ఇది చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

అరవయ్యో దశకం చివర్లో కోర్టు కొత్త భవనానికి మారింది. పాతదానికి పెంకులు మార్చి, సున్నం వేసి, మ్యూజియం చేశారు. నన్ను అక్కడే కాపలాకి ఉంచారు. నా ఇత్తడి బిళ్లని మాత్రం అద్దాల బీరువాలో పెట్టేశారు.

సున్నం వేసిన వారం నుంచే అప్పలనాయుడు రావడం మొదలెట్టాడు. కోటబొమ్మాళి వైపు రైతు. ఏళ్ల కిందట, పిలిస్తే పలకలేదని అతని దావా కొట్టేశారు. ఎకరం పల్లపు భూమి దాయాదుల పాలైంది. కోర్టుకి సున్నం పడిందంటే మళ్లీ పిలుస్తారని అతని నమ్మకం. రోజూ పదకొండింటికి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"ఇది కోర్టు కాదు మావా, బొమ్మల కొట్టు. ఇంటికెల్లు" అనేవాణ్ణి.

"నువ్వున్నావు కదరా అల్లుడూ! పిలుపు వస్తాది. ఈపాలి కదల్ను" అనేవాడు.

నాకు ఒళ్లు మండేది. నిజానికి మండింది నా మీద నాకే. కోర్టులో పేరు మూడుసార్లు పిలవాలి. అతని దావా వచ్చిన రోజు ఎండకి విసుగొచ్చి రెండుసార్లే పిలిచి, లోపలికెళ్లి పలకలేదని చెప్పేశాను. అతను నూతి దగ్గర నీళ్లు తాగుతున్నాడట. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం గుమ్మం పక్కన అన్నం తింటున్నాను. లోపలి హాల్లోంచి, "అప్పలనాయుడు హాజర్ హై!" అని వినిపించింది. ఒక్కసారే. గొంతు నాదే. లోపల ఎవరూ లేరు. చూడ్డానికొచ్చిన బడి మాస్టారొకరు నా ఎదురుగా నిలబడి పుస్తకంలో సంతకం పెడుతున్నారు. ఆయన కలం ఆపి, "ఎవరండీ పిలిచింది?" అని అడిగారు. నా నోటినిండా అన్నం.

"ఉన్నాను బాబూ!" అంటూ అప్పలనాయుడు తలపాగా తీసి లోపలికెళ్లాడు. బోను పక్కన చేతులు కట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చి తలపాగా చుట్టుకుంటూ నాతో అన్నాడు, "మూడోది ఇప్పటికి పిలిసినావురా అల్లుడూ. ఇంక రానులే."

భూమి రాలేదు. అతనూ మళ్లీ రాలేదు.

ఆ గొంతు కోసం హాలంతా వెతికాను. ఏమీ దొరకలేదు, పోనివ్వండి. నేను రెండుసార్లే పిలిచానని అతనికి ఎవరు చెప్పారో అదీ తెలీదు. మొదట్నుంచీ తెలిసే రోజూ నా ఎదురుగా కూర్చున్నాడేమోనని తలుచుకుంటే, ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.