నా చేతికి ఎక్కని డిస్క్ ప్యాక్

దయ్యాలంటే నాకు నవ్వు. శ్మశానం పక్క గదిలో మూడేళ్లు అద్దెకుండి హాయిగా గురకపెట్టినవాణ్ణి. ఇది నమ్మమని మిమ్మల్ని బతిమాలను. జరిగింది చెబుతాను, అంతే.

ఎనభైలలో వరంగల్‌లో ఒక ఆఫీసు కంప్యూటర్ గదిలో ఆపరేటర్‌ని. సిబ్బంది సర్వీసు వివరాలన్నీ డిస్క్ ప్యాక్‌లలో ఉండేవి. పళ్లేలు దొంతరగా పేర్చినట్టుండే ఆ ప్యాక్‌ను ఎత్తి యంత్రంలో బిగించాలి. కింద పడినదాన్ని మాత్రం బిగించకూడదు, యంత్రం కూడా పాడవుతుంది. లాగ్‌బుక్‌లో రాసి పక్కన పెట్టాలి.

ఒకరోజు నా చేయి జారింది. ప్యాక్‌ను తిప్పి చూశాను, బాగానే ఉంది. రాయకుండా అలమారలో పెట్టేశాను. మర్నాడు మా సీనియర్ శామ్యూల్ అన్న దాన్ని బిగించాడు. రేకు గీకినట్టు చప్పుడు. ప్యాక్ పోయింది, యంత్రమూ పోయింది. ఎంక్వైరీలో లాగ్‌బుక్‌లో నా చేయి జారిన రోజు పేజీ తెరిచి చూశారు. ఖాళీ. నేను నోరు విప్పలేదు. నేరం అన్న మీద పడి ఉద్యోగం ఊడింది.

సొంతూరు నెక్కొండకు బండెక్కే ముందు అన్న నా దగ్గరికొచ్చాడు.

"పడేసింది నువ్వేనని నాకు ఎర్కలేదనుకున్నవా తమ్మీ? నా నోటికాడి కూడు గుంజుకున్నవ్. నీ నోటితోని ఒప్పుకునేదాక నీ చేతికి ఏ ప్యాకూ ఎక్కదు, సూడు."

ఆరు నెలలకు దవాఖానలో పోయాడు. సరిగ్గా ఆ వారమే కొత్త యంత్రం వచ్చింది, కానీ పాడైన ప్యాక్‌కు మిగిలిన ఒకే ఒక్క నకలు ప్యాక్ మొరాయించింది. ఎన్నిసార్లు బిగించినా ఎర్ర దీపమే. అది తెరుచుకోకపోతే వందలమంది సర్వీసు వివరాలు గల్లంతు. అన్న కుర్చీ నాకు దక్కడమూ కల్ల. నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. చచ్చీ సాధిస్తున్నాడనుకున్నాను.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు రెండు రోజులు చూశాడు. లోపమేమీ దొరకలేదు.

"ఇక్కడ ప్యాక్‌లు పడేసుడు అలవాటా భాయ్?" అంటూ పాత లాగ్‌బుక్ తిరగేసి, ఒకచోట ఆగి, నా వైపు తిప్పాడు. అదే రోజు పేజీ. 'ప్యాక్ నా చేయి జారి పడింది.' కింద నా సంతకం. అక్షరాలు నావే.

నేను రాయలేదని అరవాలనిపించింది. కానీ రాసింది నిజం. ఏమని కాదనను?

"అవును సార్, నేనే పడేసిన," అన్నాను.

"సరే, ఇంకోసారి పెట్టు," అన్నాడు. నా చేత్తోనే బిగించాను. పచ్చ దీపం వెలిగింది. ఒక్క పేరు కూడా పోకుండా వివరాలన్నీ వచ్చాయి.

నా ఉద్యోగం పోయింది. దానికి నేను ఎవరినీ అనను. కానీ ఎంక్వైరీలో అందరూ చూసిన ఆ ఖాళీ పేజీ మీద నా చేతిరాత ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.