నీళ్ల చప్పుడు వినేదాకా

మొన్న బుధవారం పొద్దున ఆరు కాకముందే మెట్‌పల్లి నుంచి పెద్దక్క చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయింది బిడ్డా. నిద్రల్నే పోయింది. రెండింటికి తీస్కపోతరు. ఇప్పుడు బస్సెక్కితే మట్టికి అందుతవు," అంది.

నేను బస్సెక్కలేదు. టీకాల పెట్టె భుజాన వేసుకుని గుట్టెక్కాను. "గంత రాయి గుండె ఎట్లొచ్చిందే నీకు?" అని ఆ చెల్లెలు తర్వాత ఫోన్లో అడిగింది. ఎట్లొచ్చిందో చెప్పాలంటే పెద్దక్క గురించి చెప్పాలి.

పెద్దక్క నాకు చుట్టం కాదు. ఆసిఫాబాద్ అవతల గుట్టల కింద మా దవాఖానలో రిటైరయ్యేదాకా ఆమె పెద్ద నర్సు, నేను చిన్న నర్సును. మాది హుజూరాబాద్ వైపు. ఉద్యోగంలో చేరేనాటికి గుట్ట అంటే నాకు మెట్లుండేది, పైన గుడిలో కొబ్బరికాయ కొట్టేది. ఇక్కడి గుట్టకు మెట్లు లేవు. రెండు గంటలు రాళ్ల మీద నడిస్తే పైన గోండుల గూడెం వస్తుంది. ఆ గూడెం పిల్లలకు టీకాలు వేయడం మా పని.

ఆమె పొట్టి మనిషి. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, కాళ్లకు మగవాళ్ల కాన్వాస్ బూట్లు వేసుకునేది. ఎక్కేటప్పుడు నేను ముచ్చట మొదలుపెడితే, "మాటలు పైన. ఊపిరి గుట్టకియ్యి," అనేది. కొంగున బెల్లం ముక్కలు ముడేసుకుని వచ్చేది. సగం దారిలో ఒక బండ ఉంది. అక్కడ కూర్చున్నాకే ముడి విప్పేది, అంతకుముందు ఎంత బతిమాలినా ఇచ్చేది కాదు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. టీకాల పెట్టెలో మందు చుట్టూ ఐస్ ప్యాకులు పెడతాం. ఫ్రీజర్లోంచి తీసి తీయగానే పెట్టకూడదు. బల్ల మీద పరిచి, వాటికి చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలేదాకా ఆగాలి. లేదంటే మందు గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. ఎండకు మందు చెడుతుందంటే అందరూ నమ్ముతారు, చలికీ చెడుతుందంటే ఎవరికీ పట్టదు. పెద్దక్క మాత్రం ఒక్కో ప్యాకునూ చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని ఊపేది, ఫోన్లో దూరపు చుట్టం మాట వింటున్నట్టు. నేను చాటుకు పోయి నవ్వుకునేదాన్ని.

నేను చేరిన మొదటి చలికాలం. అంతకుముందు నెల వస్తామని కబురు పంపి, మీటింగు పడి పోలేకపోయాం. తల్లులు పత్తి ఏరడం మానుకుని పొద్దుగూకేదాకా మా కోసం చూశారట. గూడెం పెద్దమనిషి కబురు పంపాడు. "గీసారి రాకుంటే మల్ల రావద్దు. మా పిల్లల మేం చూస్కుంటం."

ఆ పొద్దున ఇగం ఎంతుందంటే గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టింది. కాలు పెడితే కరకరమంది. మబ్బు తునక లేదు, ఎండ కళ్లు చెదిరేలా ఉంది. ప్యాకులు బల్ల మీద ఎంతసేపున్నా కరగలేదు. నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఎప్పుడెప్పుడు ఎక్కేసి మంట దగ్గర కూర్చుందామా అని పెట్టె సర్దేశాను.

పెద్దక్క బూట్లు కట్టుకుంటూ అడిగింది. "నీళ్ల చప్పుడు ఇన్నవా?"

"ఇన్ననక్కా."

వినలేదు.

బండ దగ్గర కూర్చున్నాం. ఆమె బెల్లం నా చేతిలో పెట్టి, "పిల్లలు మంట కాడ కూసోని ఉంటరు," అంది. ఆ ముక్క తిరిగి ఆమె చేతిలో పెట్టాను.

"అక్కా, నేను నీళ్ల చప్పుడు ఇనలే."

ఆమె పెట్టె తెరిచింది. ఒక శీశ తీసి ఎండకు పట్టింది. లోపల మందు గడ్డకట్టి ఉంది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆమె పైకి చూసింది, కిందికి చూసింది, కొంగు బిగించింది.

"దిగుదాం. మంచి మందు తీస్కొని మల్ల ఎక్కుదాం."

"మీరు పైకి పోయి తల్లులను ఆపుండ్రి, నేనొక్కదాన్నే పోయొస్త."

"మందు లేకుంట పోయి ఏం చెప్పాలె? మల్ల ఒస్తమనా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఏడుపు తర్వాత. ముందుగాల నడువు," అని ముందు దిగింది.

దవాఖానలో కొత్త ప్యాకులు బల్ల మీద పరిచింది. పదకొండు దాటితే తల్లులు పత్తి చేనుకు పోతారు. నేను గోడ గడియారం చూసుకుంటూ ఉడికిపోతున్నాను. ఆమె కదల్లేదు. "పరేషాన్ గాకు. తొందర మనది, దానిది కాదు," అంది. చాలాసేపటికి ఒక ప్యాకు తీసి నా చెవికి ఆనించి ఊపింది. లోపల సన్నగా నీళ్లు కదిలాయి.

మళ్లీ ఎక్కాం. బండ దగ్గర ఆగలేదు. పైకి చేరేసరికి తల్లులు నడుముకు పత్తి సంచులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పెద్దమనిషి ఎదురొచ్చాడు. "ఎండల మీరు కనవడ్డరు. సగం దాక వచ్చి మల్ల దిగిండ్రు. గీసారి గూడ ఎగవెట్టి పోయిండ్రనుకున్నం."

"మందు చెడిపోయింది. మాతోనే తప్పయింది. మంచిది తెచ్చినం," అంది పెద్దక్క. తప్పు నాదని అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు.

ఆయన కాసేపు ఆమె బూట్ల వైపు చూశాడు. తల్లుల వైపు తిరిగి గోండిలో ఏదో అన్నాడు. వాళ్లు సంచులు విప్పి కూర్చున్నారు. ఆనాటి నుంచి ఆ గూడెంలో టీకా తప్పిన పిల్ల లేదు.

మొన్న బుధవారం కూడా గడ్డి మీద మంచు గడ్డకట్టే ఉంది. వస్తానని గూడేనికి ముందే చెప్పి ఉన్నాను. బస్సు పోయే టైముకు నేను బల్ల ముందు కళ్లు మూసుకుని నిలబడి, ఒక్కో ప్యాకూ చెవి దగ్గర ఊపుకుంటున్నాను. ఏడుపు వస్తూనే ఉంది. తర్వాత, అనుకున్నాను.

రెండింటికి ఆఖరి పిల్లకు సూది వేశాను. దిగుతూ బండ మీద కూర్చుని పెట్టె తెరిచి, ఒక ప్యాకు చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపల నీళ్లు గలగలమన్నాయి. అప్పుడు ఏడ్చాను.