రాఖీకి చీర వద్దన్న ఆడబిడ్డ

మా ఆయన కల్లు ముట్టడు. అలాంటి మనిషికి కాలేయం చెడిందంటే మా ఊరు సాతంరాయిలో ఎవరూ నమ్మలేదు. "చాటుకు తాగుతుండొచ్చు" అన్నవాళ్లే ఎక్కువ. తాగుడు కాదు, హెపటైటిస్ బి అనే వైరస్. పుట్టినప్పుడే అత్తమ్మ నుంచి అంటి ఉంటుందని, ఇన్నేళ్లూ కాలేయాన్ని కొరికి కొరికి మచ్చలు కట్టించిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మచ్చల్లో క్యాన్సర్ గడ్డ లేవచ్చట. అందుకే రోజూ మాత్ర వేసుకోవాలి, ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకోవాలి అంది.

మాత్ర వేసుకునేవాడు. స్కానింగే ఎగ్గొట్టేవాడు. విమానాశ్రయంలో తోటపని ఆయనది. పొద్దున్నే బండి అద్దంలో కనురెప్ప కిందికి లాగి చూసుకునేవాడు. కన్ను పచ్చబడకపోతే లోపల అంతా బాగున్నట్టే అని మా ఊరి నమ్మకం.

ఆయన అక్కది మామిడిపల్లి. ఒక్క కడుపున పుట్టినవాళ్లు కదా, పరీక్ష చేస్తే ఆమెకూ అదే వైరస్. ఆమె మాత్రం స్కానింగ్ తప్పేది కాదు. ఒక రాఖీ పండుగకు వచ్చి, తమ్ముడు చెయ్యి చాపినా కట్టకుండా కూర్చుంది.

"కట్టక్కా, డ్యూటీకి పోవాలె."

"స్కానింగ్ ఎప్పుడు తీపిచ్చుకున్నవ్ రా?"

"నా కండ్లు చూడు, మల్లెపూల లెక్క ఉన్నయ్."

"నీ కండ్లు చూసెతందుకు పెండ్లిచూపులకు రాలే నేను. ఈసారి నాకు చీర గిట్ల వద్దు. స్కానింగ్‌కు నడువు, గదే నా కట్నం. అప్పటిదాంక నీ ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్ట."

"పండుగ పూట గట్లంటరా వదినా?" అన్నాను నేను.

"నువ్వు ఊకో పిల్లా. వీన్ని సంకనెత్తుకొని తిరిగినదాన్ని, వీని మొండితనం నాకెరుకలేదా?"

ఆడబిడ్డ రాఖీనాడు నీళ్లు ముట్టకుండా పోతే ఇంటికి మంచిదా? ఆయన గొణుక్కుంటూనే బండి తీశాడు. ఆమె రాఖీని కొంగున ముడేసుకుని వెనక కూర్చుంది.

కళ్లు మల్లెపూలే. కాలేయంలో మాత్రం రేగుపండంత గడ్డ. క్యాన్సరే. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి, సూది లోపలికి పంపి దాన్ని కాల్చేశారు.

ఆయన ఇంటికొచ్చిన రోజు, గడ్డ పోయాకే కడతానని ఇన్నాళ్లూ దాచిన రాఖీ తీసి కట్టింది మా వదిన. "ఇగ నీళ్లియ్యి పిల్లా, గొంతెండింది" అంది. చెంబెడు నీళ్లూ ఒక్క గుక్కలో తాగింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

రాఖీకి ఒకసారి, శివరాత్రికి ఒకసారి అని గుర్తు పెట్టుకున్నాం. ఆ పూట అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే బండి మీద స్కానింగ్‌కు పోతారు. వాళ్లు తిరిగొచ్చేసరికి నేను చెంబు తోమి, నీళ్లు నింపి, గడప దగ్గర పెట్టి ఉంచుతాను.